ఆషాఢ మాంసకృత్తు

నైరృతిదిక్కునుండి జలభారముచే మందగమనములై కదలివచ్చిన నీలమేఘములు కైలాసగిరిపై నొక ముహూర్తకాలము విశ్రమించి పిదప విశాఖపురముపైకి దిగి సముద్రమునకును నాకాశమునకును నడిమి సరిహద్దును జెరిపివేయుచుండ, తీరమార్గమునఁ గొబ్బరిబొండముల బండ్లవారు టార్పాలిను పరదాలు దించుకొనుచుండ, గొడుగు తిరగఁబడినవారు గాలిని, గొడుగు లేనివారు వానను దూషించుచుండ, ఆషాఢమాసము సకలజనులకుఁ జల్లదనమును నూతనదంపతులకు మాత్రము తాపమును బంచిపెట్టుచు నగరప్రవేశము చేసెను.

ఆ తాపమునకుఁ బాత్రులైనవారిలో హైమ యొకతె. వైశాఖమున వివాహమై సీతమ్మధారలోని యత్తవారింటఁ గాపురమునకు వచ్చి, ఆ వంటయింట నే డబ్బాలో మెంతులుండునో యే డబ్బాలో నావాలుండునో యామెకుఁ దెలియవచ్చునంతలోనే ఆషాఢము వచ్చిపడెను. ఆ మాసమునఁ గ్రొత్తకోడలు నత్తగారు నొకే గడప దాటరాదనియు, అల్లుఁడు మామగారి గుమ్మము త్రొక్కరాదనియు నున్న యాచారము ననుసరించి యామె పెట్టె సర్దుకొని గోపాలపట్నములోని పుట్టినింటికిఁ బోయెను. ఈ రెండిండ్ల నడిమి దూరము నగరపు బస్సునకు గంటసేపటి ప్రయాణమునకు మించినది కాదు. విరహమున కదియే చాలును.

ఆమె భర్త పేరు సింహాచలము, ఒక జూనియరు కళాశాలలోఁ దెలుగు బోధించు యువకుఁడు. తరగతిలో గ్రంథముల భాషను, గేటు దాటఁగనే విశాఖ వీధుల భాషను నొకే నాలుకపై నిలుపుకొన్న వాచాలుఁడు. హైమ యాతనిని బేరుపెట్టి పిలువక మేష్టారూ యని పిలుచుచు, ఆ యొక్క పిలుపులోనే గౌరవమును వెటకారమును జెఱిసగముగాఁ గలిపి వడ్డించుచుండెను.

హైమ చేయు పనియుఁ జిత్రమైనదియే. సముద్రమునకు నెదురుగా గుట్టపై నున్న యొక పరిశోధనాలయమున నామె పరిశోధక విద్యార్థిని. మనుష్యుల రక్తమునఁ గాపలా తిరుగుచు రోగములతోఁ బోరాడు రక్షకకణములు తమలోఁ దాము మాటలాడుకొను తీరును దెలిసికొనుట యామె యెత్తుకొన్న పని. ఆ కణములకు నోరు లేదు, చెవియు లేదు. ఒక కణము తాను జెప్పఁదలఁచినదానిని సూక్ష్మమైన మాంసకృత్తుగా, అనఁగా జనులు ప్రోటీనని పిలుచుదానిగా, రూపొందించి వెలికి విడుచును. పొరుగుకణము దానిని దన పైపొరతో నందుకొని భావము గ్రహించును. శత్రువు చొచ్చెననియు, తోడునకు రమ్మనియు, కార్యము ముగిసినది యిఁక సద్దుమణుఁగుమనియు వార్తలన్నియు నీ రూపముననే సాగుచుండును.

హైమ కొన్ని గిన్నెలలో నీ కణముల రెండు జాతులను వేఱువేఱుగాను, మఱికొన్నిటిలో రెంటినిఁ గలిపియుఁ బెంచి, అవి మునిఁగియున్న ద్రవమును మాత్రము మెల్లగాఁ దీసి, అందలి మాంసకృత్తులను సన్నని తునుకలుగాఁ జేసి, ప్రక్కగదిలోని తూనికయంత్రమున కొప్పగించును. పరమాణువుల బరువునుగూడ విడిచిపెట్టని యా యంత్రము ప్రతి తునుకను దూఁచి యది యే మాంసకృత్తునుండి వచ్చినదో చెప్పును. జాతులు విడిగా నున్నప్పుడు కానరాక కలిసినప్పుడు మాత్రము కానవచ్చునది యేదో యదియే యా రెండింటి నడుమ నడచిన మాట యని వారి లెక్క. ఉదయమున విడికణముల ద్రవమును మధ్యాహ్నమునఁ గలసిన కణముల ద్రవమును సిద్ధపఱచుట యామె యలవాటు.

మధ్యాహ్నవేళ సింహాచలమునకుఁ బాఠము లేదు. కావున నా ఆషాఢమున నామె ముఖమునకుఁ గట్టుకొన్న మాస్కును గడ్డము క్రిందికి లాగి, చెవిలోఁ జిన్న యియర్‌ఫోను దూర్చుకొని, చేతులను బనియందును నోటిని భర్తయందును లగ్నముచేసి కూర్చుండెడిది.

"మధ్యాహ్నం ఏటి తిన్నారు మేష్టారూ?"

"అమ్మ ఆనపకాయ పులుసు పెట్టింది. నువ్వు లేవు కదా, చప్పగా ఉంది."

"ఉప్పు తక్కువైతే అది కూడా నా మీదికేనా?"

"ఉప్పు సరిగ్గానే ఉంది. విరహం ఎక్కువైంది. పక్కన గణితం మేష్టారు వింటున్నాడు, నవ్వుతున్నాడు, అయినా చెప్తున్నాను."

అట్లు నవ్వుచు నలుగుచు, మరల నవ్వుచు నామె యా నెల గడిపెను.

మాసము ముగియవచ్చుచుండఁగా నొకనాఁడు తూనికయంత్రమును నడుపు నస్రీను హైమ భుజము తట్టెను. ఈ నస్రీను యంత్రము ముందు గంభీరముగాఁ గూర్చుండి మనుష్యులతో మాత్రము పరిహాసములాడు స్వభావము కలది.

"ఏమే కొత్తపెళ్ళికూతురా, ఇలా రా. నీ కణాలు ఏదో గుసగుసలాడుకుంటున్నాయి. ఇది చూడు."

తెరపై నొక మాంసకృత్తు పేరు వెలుఁగుచుండెను. విడికణముల ద్రవములో నది లేదు. కలసిన కణముల ద్రవములోఁ బుష్కలముగా నున్నది. రక్షకకణముల సంభాషణములలో నింతవఱ కెవ్వరును బేర్కొనని దది. యంత్రమునకు జతపఱచిన జల్లెడ యొకటి మనుష్యుల చర్మమునుండి రాలు ధూళివంటి తెలిసిన మలినముల నెల్లఁ బ్రక్కకుఁ దీసివేయును. ఈ మాంసకృత్తు జల్లెడను దాఁటి వచ్చినది కావున నిజమైనదే యని యిద్దఱును నమ్మిరి.

వారి యాచార్యుఁడు రుక్మాంగదరావు మితభాషి. తెరవంకఁ జాలసేపు చూచి కండ్లజోడు తుడుచుకొని మరల చూచి, "అమ్మాయ్, బెంగుళూరు సదస్సుకి దీన్నే పంపుదాం. నువ్వే మాట్లాడాలి," అనెను. ఆ యాచార్యుని నోట నంతకంటె నధికమైన ప్రశంసను విన్నవారు లేరు. దేశము నలుమూలలనుండి పండితులు చేరు సభలోఁ దన పేరు పిలువఁబడునను తలఁపు హైమ మనస్సున గజ్జెకట్టి యాడెను. ఆమె యా మధ్యాహ్నమే యీ శుభవార్తను భర్త చెవిని వేసెను.

శ్రావణము వచ్చెను. పాడ్యమినాఁటి ప్రొద్దుననే సింహాచలము మామగారి గుమ్మమునఁ బ్రత్యక్షమై, లోనికి రమ్మన్నను గూర్చుండక పెట్టెను భుజమున కెత్తుకొని నిలుచుండి బావమఱఁదుల నవ్వునకుఁ బాత్రుఁడయ్యెను. హైమ సీతమ్మధారకు మరలి వచ్చెను. ఉదయపు కాఫీతో మొదలైన మాటలు స్కూటరుమీఁదఁ గొండ యెక్కువఱకు సాగి సాయంకాలము మరల నందుకొనఁబడుచుండుటచే మధ్యాహ్నపు ఫోనులు వాటియంతట నవి యంతరించెను. సింహాచల మా ఖాళీవేళను విశ్రాంతిగదిలోఁ గునుకుటకు వినియోగించుకొనెను.

సభకుఁ బోవుటకు ముందు క్రొత్తవారి రక్తముతోఁ బ్రయోగమును మరల చేసి చూపవలెనని యాచార్యుని నియమము. హైమ సంతోషముగాఁ జేసెను. ఆ మాంసకృత్తు రాలేదు. మరల చేసెను. రాలేదు. ద్రవము మార్చి చేసెను, గిన్నెలు మార్చి చేసెను. విడికణములలోను గలసిన కణములలోను నది యొకేరీతిగా శూన్యము. ఆషాఢమున నంత స్పష్టముగాఁ బలికిన కణములు శ్రావణమున నోరు విప్పవాయెను.

"రక్తం ఇచ్చినవాళ్ళలో తేడా ఉండొచ్చు," అని రుక్మాంగదరావు మెల్లగా ననెను. "వానల మొదట్లో జలుబులు ఎక్కువ. అప్పటి కణాలు అప్పుడు మాట్లాడాయేమో. సదస్సు దగ్గరికొచ్చేసింది. పాత ఫలితాన్నే చూపించి, కాలాన్ని బట్టి మారుతోందని చెబుదామా?"

ఆ మాట హైమకు నీటఁ గొట్టుకొనిపోవువానికి దొరకిన కొయ్యవలె నుండెను. సరేనన్నచోఁ జాలును. వేదికయుఁ దన పేరును బోవు. అయినను లోపల నేదో ముల్లు గ్రుచ్చుకొనుచుండ నామె యౌనన లేక కాదన లేక రేపు చెప్పెదనని వచ్చెను.

ఆ సాయంకాలము వాన తెఱపి యిచ్చుటచే సింహాచలము భార్య మొగము చూచి నేరుగా నింటికిఁ బోనీయక స్కూటరును దీరమార్గమునకుఁ ద్రిప్పెను. నిప్పులపైఁ జిటపటలాడుచుఁ గాలుచున్న మొక్కజొన్నపొత్తు నొకదానిని గొని, నిమ్మచెక్కతో నుప్పును గారమును రుద్దించి, ఇరువు రొకదానినే చెఱియొక ప్రక్కనుండి తినుచు గట్టుపైఁ గూర్చుండిరి. ఆతఁ డామెను నవ్వింపవలెనని నోటినిండ గింజలుంచుకొనియే యానాఁటి తరగతి ముచ్చట మొదలుపెట్టెను.

"సంధి విడదీయరా అన్నానా, వాడు లేచి, 'విడదియ్యడం పాపం సార్, ఇప్పుడిప్పుడే కలిశారు' అన్నాడు. క్లాసంతా నన్నే చూసి..."

ఆ నవ్వులో నొక గింజ ముక్కయుఁ గొన్ని తుంపరలును హైమ ముంజేతిపైఁ బడెను.

"ఛీ, ఎంగిలి. నమిలి మింగి మాట్లాడండి మేష్టారూ. మాటకంటే ముందు తుంపర్లొస్తున్నాయి."

"ఒకే పొత్తు తింటూ ఎంగిలేటి? పెళ్ళిలో బువ్వంబంతినాడు ఒకే కంచంలో తిన్నప్పుడే ఆ లెక్క తీరిపోయింది కదా."

ఆమె తన ముంజేతివంకనే చూచుచుండెను. సంజవెలుఁగులో నా తుంపరలు సన్నని ముత్తెములవలె మెఱయుచుండెను. ఎంగిలి యను మాట చిన్నతనమునుండి యామె వినుచున్నదే. గ్లాసు నెత్తి పోసికొమ్మని, గరిటెను మూతి కానించవలదని, దేవునికిఁ బెట్టు ప్రసాదముపై మాటలాడరాదని తల్లి కసరుచుండఁగాఁ బెరిగినదే. ఆ మాట తన పనిగది గుమ్మము దాఁటి లోనికి రాఁగలదని మాత్ర మెన్నఁడును దోఁపలేదు.

"ఏటైంది? కళ్ళు అలా పెట్టీసేవు?" అని సింహాచలము పొత్తు దించెను.

"ఆషాఢంలో మీకు ఖాళీ ఎప్పుడుండేది?"

"మధ్యాహ్నం. రోజూ నీతోనే కదా మాట్లాడింది."

"నేను అప్పుడు ఏ గిన్నెల పని చేస్తుండేదాన్నో తెలుసా? కలిసిన వాటిది. పొద్దున్న విడివాటి పని నోరు మూసుకుని చేసేదాన్ని. మధ్యాహ్నం మాత్రం మాస్కు కిందికి లాగేసి మీతో..." ఆమె కొంగుతోఁ గన్నులొత్తుకొనెను. "అది కణాల మాట కాదండీ. నా ఎంగిలి."

సింహాచలము తన స్వభావమును జంపుకొనలేక మెల్లగా నిట్లనెను. "అంటే మన ఊసులన్నీ ఆ యంత్రం తూచీసిందన్నమాట. ఎంత బరువున్నాయేటి?"

కన్నీటి నడుమనే హైమకు నవ్వు వచ్చెను. నవ్విన తరువాత నామె కేడుపు మఱింత వచ్చెను. సింహాచల మీసారి పరిహాసమాడక తన కండువాతో నామె ముంజేతిని దుడిచి యామె నెమ్మదించువఱకుఁ గెరటములవంకఁ జూచుచుఁ గూర్చుండెను.

"మీ సార్‌కి చెప్పకపోతే ఏమవుతుంది?" అని యాతఁడు పిదప నడిగెను.

"బెంగుళూరులో నా పేరు పిలుస్తారు."

"చెప్తే?"

"పిలవరు."

సింహాచలము తల పంకించి, "నీకు నిద్ర పట్టేది ఏదో అది చెయ్," అని లేచి స్కూటరు తాళము తీసెను.

మఱునాఁ డుదయమున హైమ యాచార్యునికంటె ముందే గుట్ట యెక్కి నస్రీనును యంత్రమునొద్దకుఁ దీసికొనిపోయి, జల్లెడ ప్రక్కకుఁ దీసివేసిన మలినముల కుప్పను తెఱవు మని యడిగెను. దాని నెవ్వరును జూడరు. చెత్తబుట్ట నెవరు వెదకుదురు? ఆ కుప్పలో ఆషాఢపు మధ్యాహ్నముల ద్రవములన్నింటను గంజిని జీర్ణింపఁజేయు లాలాజలపు మాంసకృత్తు దిట్టముగాఁ గూర్చుండియుండెను. ఉదయపు ద్రవములలో నది లేదు. ఎల్లవారు నెఱిఁగిన మలినమగుటచే జల్లెడ దానిని బట్టుకొన్నది. దానితోఁ గూడ నోటినుండి వచ్చిన యీ యల్పప్రసిద్ధమైన మాంసకృత్తు మాత్రము జల్లెడకుఁ దెలియనిదగుటచేఁ బెద్దమనిషివలె వెలికి నడచివచ్చినది.

నస్రీను నుదురు కొట్టుకొని, "ఇద్దరం కలిసి ఉమ్ముకి పేరు పెట్టాం కదే," అనెను.

హైమ యాచార్యుని గదిలో నిలుచుండి జరిగినదంతయు నేల చూచుచుఁ జెప్పెను. రుక్మాంగదరావు కండ్లజోడు తీసి బల్లపైఁ బెట్టెను.

"నువ్వు చెప్పావు, నేను నమ్మాను. కానీ అమ్మాయ్, మన దగ్గర నమ్మకం చెల్లదు. చేసి చూపించాలి. కణాల్లేని వట్టి ద్రవం రెండు గిన్నెల్లో పొయ్యి. ఒకటి నోరు మూసుకుని చెయ్యి. రెండోదాని మీద మీ ఆయనతో మాట్లాడు."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే. ఫోన్ చెయ్యి."

ఆ ప్రయోగమువంటి ప్రయోగ మా గుట్టపై మునుపెన్నఁడును జరిగియుండదు. మొదటి గిన్నె పని మౌనముగా ముగిసెను. రెండవ గిన్నె ముందు హైమ మాస్కు దించుకొని కూర్చుండ, ఒకప్రక్క నాచార్యుఁడు చేతులు కట్టుకొని నిలువఁబడ, మఱియొకప్రక్క నస్రీను గోడ కానుకొని నవ్వు బిగఁబట్టుకొనియుండ, అందఱు వినునట్లు పెట్టిన ఫోనులో సింహాచలము కంఠము పలికెను. ఆచార్యుఁడు వినుచున్నాఁడని తెలిసినంతనే యా మహావాచాలుని నాలుక పిడచగట్టెను.

"హైమగారూ, క్షేమముగా నున్నారా? మీ విద్యావ్యాసంగము నిర్విఘ్నముగా సాగుచున్నదని తలఁచెదను."

"బాగున్నానండి," అని హైమ యనెను. అంతటితో నిరువురి మాటలు నింకిపోయెను.

"ఇదేంటయ్యా, సన్మానపత్రం చదువుతున్నట్టు," అని రుక్మాంగదరావు గొణఁగెను. "ఇలా అయితే ఈ గిన్నెలో ఏమీ పడదు."

నస్రీను హైమ చెవిలో నూదెను. "పొద్దున్న స్కూటరు దిగుతూ ఏదో గొణిగావు కదే, తడితువాలు అని. అది అడుగు."

"అవును," అని హైమ హఠాత్తుగా మండిపడెను. "ఇవాళ కూడా తడితువాలు మంచం మీదే పడేసేరేటి మేష్టారూ? దుప్పటి ఆరడానికి ఈ వానలో ఎండెక్కడిది?"

"నేను దండెం మీదే వేసాను. జారి పడితే నేనేటి చేస్తాను?"

"తువాలు దండెం మీంచి జారి, గది దాటి, మంచం ఎక్కిందా? కాళ్ళున్నాయా దానికి?"

"ఉన్నాయేమో. మీ పుట్టింటివాళ్ళు పెట్టిన తువాలు కదా, వాళ్ళలాగే చలాకీ."

"మా పుట్టింటి ఊసెత్తకండి. పెట్టె మోసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డది ఎవరో."

అంతట గట్టు తెగినట్లు మాటలు ప్రవహించెను. ఇరువురును బరిసరములను మఱచిరి. మితభాషియైన రుక్మాంగదరావు మొగము గోడవైపునకుఁ ద్రిప్పుకొనెను. ఆయన భుజములు మాత్రము కదలుచుండెను. గిన్నె పని ముగిసినను గలహము ముగియకుండుటచే నస్రీనే ఫోను కట్టవలసివచ్చెను.

యంత్రము తన తీర్పును మఱునాఁడు చెప్పెను. మౌనముగాఁ జేసిన గిన్నెలో నేమియు లేదు. తువాలు కలహము నడచిన గిన్నెలో ఆషాఢపు మాంసకృత్తు నిండుగా నున్నది.

ఆచార్యుఁడు తన చేతితోనే సదస్సువారికి, హైమ ప్రసంగపు విన్నపమును వెనుకకుఁ దీసికొనుచున్నట్లు వ్రాసి పంపెను. కార్యక్రమమున హైమ పేరున్నచోట మఱియొకరి పేరు వచ్చెను. ఆమె దానిని జూచి నిట్టూర్చి, భోజనపు డబ్బాను గూడఁ దెఱవక గిన్నెలు కడుగుచుఁ గూర్చుండెను. రుక్మాంగదరా వటు వచ్చి నిలువఁబడి యడిగెను.

"శ్రావణంలో చేసిన గిన్నెల్లో ఏముందో చూశావా?"

"ఏమీ లేదు సార్."

"అది లేదని చూశావు. ఏమీ లేదని చూడలేదు. ఆ రెండూ ఒకటి కాదమ్మా."

హైమ చేతులు తుడుచుకొని తెరముందుఁ గూర్చుండెను. తాను పోఁగొట్టుకొన్నదానినొక్కదానినే వెదకుచు నిన్నినాళ్ళు చూడక దాఁటిన పట్టికలను మొదటినుండి యిప్పుడు నెమ్మదిగాఁ జూడసాగెను. లాలాజలపు గోల లేని యా ద్రవములలో, ఇంతకుముందు పెద్దగొంతుకల క్రింద నణఁగియుండిన యొక సన్నని మాంసకృత్తు, విడికణములలో లేనిది, కలసినవానిలో నున్నది, తల యెత్తియెత్తనట్లుగాఁ గానవచ్చెను. దాని పే రిదివఱకే శాస్త్రజ్ఞు లెఱిఁగినదియే. కాని యీ రెండు జాతుల నడుమ నింత త్వరగా నది నడచునని మాత్రము వారి గ్రంథములలో లేదు. క్రొత్తలోకమును గనుఁగొన్నంత ఘనకార్యము కాదు. ఉన్నమాట మాత్రము.

"సార్," అని యామె పిలిచిన పిలుపులో నేమి వినఁబడెనో యాచార్యుఁడు కుర్చీ లాగుకొని ప్రక్కనే కూర్చుండి చూచెను. చూచి, "ఇప్పుడే సంతోషపడకు. మాస్కు పెట్టుకుని మళ్ళీ చెయ్," అనెను. అని తానే ముందుగా సంతోషించెను. అది యాతని మీసముల క్రింద స్పష్టముగాఁ గనఁబడెను.

ఆమె మాస్కును ముక్కువఱకు బిగించికట్టుకొని క్రొత్తవారి రక్తముతో మరల చేసెను. ఆ సన్నని మాంసకృత్తు మరల వచ్చెను. పిమ్మట నస్రీను తాను జేసి చూచెను. ఆమె చేతను వచ్చెను. ఆ వార్త సీతమ్మధారకుఁ జేరిన సాయంకాలమున సింహాచలము బజారునుండి జిలేబీ తెచ్చి భార్య నోటిలోఁ బెట్టఁబోయి, ఎంగిలి కాకుండునట్లు చేయి పైకెత్తి మిఠాయిని దూరమునుండి వేసెను. అది గుఱి తప్పి యామె ముక్కుపైఁ బడెను.

పరుల సంభాషణము వినఁగోరువాఁడు తన నోటినుండి వెడలునది తన చెవిలో నెంత నిండియున్నదో మొదట నెఱుఁగవలెను. మనకు మిక్కిలి ప్రియములైన మాటలే మనల నెక్కువగాఁ జెవిటివారినిఁ జేయును. అందుచే వానిని మానవలసిన పని లేదు, వానికొక వేళ యేర్పఱచినఁ జాలును. నాఁటినుండి యా గుట్టపై మధ్యాహ్నవేళల వాన కిటికీ యద్దములపై జాఱుచుండ, ముఖమును సగము తెల్లని వస్త్రమునఁ గప్పుకొని యొక నవవధువు గిన్నెలపైకి వంగి నిశ్శబ్దముగాఁ గూర్చుండును. ఆ నిశ్శబ్దము క్రింద, నోరులేనివియుఁ జెవిలేనివియు నైన వేలకొలఁది యల్పప్రాణములు తమ కాపలా ముచ్చటలను దీరికగాఁ జెప్పుకొనుచుండును.